నెట్ స్లో అంటే ఎక్కడ స్లో? – మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం చెప్పిన మాటలు

అందరికీ నమస్కారమండి. వెనక స్కూటర్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఆ, సరే. మొన్న ప్రెసిడెంట్ గారు లిఫ్ట్‌లో కనపడి, గ్రూపులో రోజూ ఎవరో ఒకళ్ళు నెట్ స్లో నెట్ స్లో అని పెడుతున్నారు, నువ్వు నెట్‌వర్క్ పనే చేస్తావు కదా, ఆదివారం ఒక గంట చెప్పరాదూ అన్నారు. నాకూ చాలా రోజుల నుంచి చెప్పాలనే ఉందండి, ఎందుకంటే ఈ బిల్డింగ్‌లో కనీసం నాలుగైదు ఇళ్ళవాళ్ళు నెట్ స్లో అని ప్లాన్ డబుల్ చేయించుకున్నారు, డబ్బులు పెరిగాయి గానీ నెట్ అలాగే ఉంది, అది చూస్తుంటే బాధగా ఉంటుంది.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను, మిగతాదంతా దాంట్లోనే ఉంది.

మా ఇంట్లో ఆరుగురం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అత్తగారు, మా తమ్ముడు. మా ఆవిడకి రాత్రి 8.30కి అమెరికా వాళ్ళతో కాల్ ఉంటుంది. పోయినేడు ఓ రెండు నెలల పాటు ఆ కాల్ మొదలవ్వగానే అవతలివాళ్ళ మొహాలు ఆగిపోవడం, ఈవిడ మాట ముక్కలు ముక్కలుగా పోవడం, సారీ సారీ నా నెట్ బాలేదు అని చెప్పుకోవడం. పగలంతా బ్రహ్మాండంగా ఉండేది. స్పీడ్ టెస్ట్ పెడితే 95 చూపించేది, మాది 100 ప్లాను. కంపెనీవాళ్ళకి ఫోన్ చేశాం, అబ్బాయి వచ్చాడు, వైఫై బాక్సు మార్చాడు, స్పీడ్ టెస్ట్ పెట్టి చూడండి సార్ ఫుల్ స్పీడ్ అని చూపించి వెళ్ళాడు. ఆ రాత్రి మళ్ళీ అదే. మా తమ్ముడు గేమ్ ఆడుతున్నాడని వాడి మీద అరిచాం, వాడు పాపం వారం రోజులు గేమ్ మానేశాడు, అయినా అదే.

చివరికి ఒక రోజు రాత్రి ల్యాప్‌టాప్ పెట్టుకుని రెండు పింగులు పెట్టి కూర్చున్నా. పింగ్ అంటే ఏంలేదండి, చిన్న ముక్క ఒకటి పంపించి అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూడటం. ఒకటి మా ఇంట్లో బాక్సుకి, 192.168.1.1. ఇంకోటి బయట గూగుల్ వాళ్ళది, 8.8.8.8. ఎనిమిదింటికి బాక్సుకి 3 మిల్లీసెకన్లు, బయటికి 18. బాగుంది. ఎనిమిదీ పదిహేనుకి బాక్సుకి అదే 3, బయటికి మాత్రం 18 కాస్తా 200, 450, 780, 820. అలా ఓ అరగంట. తొమ్మిదికి ముందు మళ్ళీ తనంతట తనే 18కి వచ్చేసింది.

ఎనిమిదీ పదిహేనుకి మా ఇంట్లో ఏం జరుగుతుందా అని చూస్తే, అత్తగారు గుడి నుంచి వస్తారు. వచ్చి కాళ్ళు కడుక్కుని ఫోను ఛార్జింగ్‌కి పెట్టి దేవుడి గదిలోకి వెళ్తారు. గుళ్ళో భజన వీడియోలు తీస్తారావిడ, ఒక్కోటి ఐదారు నిమిషాలు. ఫోన్ ఇంటి వైఫైకి తగలగానే ఫోటోలు వీడియోలు బ్యాకప్ మొదలుపెడుతుంది. ఆ సైజు వీడియో ఒక 700 ఎంబీ ఉంటుంది. మా ప్లాన్‌లో డౌన్‌లోడ్ 100 గానీ అప్‌లోడ్ 10 మాత్రమే, ఆ సంగతి నేను కూడా చూసుకోలేదు. లెక్క వేసుకోండి, 700 ఎంబీ 10 మీద వెళ్ళాలంటే తొమ్మిది పది నిమిషాలు, మూడు వీడియోలైతే అరగంట. సరిగ్గా మా ఆవిడ కాల్ టైమ్.

దీని గురించి మళ్ళీ వస్తాను, ఎందుకంటే నేను ఇవాళ చెప్పదలుచుకున్న అసలు విషయం అదే. కానీ ముందు మీ ఇంట్లో ఎక్కడ ఆగుతోందో పట్టుకోవడం ఎలాగో చూద్దాం.

నెట్ మన ఫోన్ దాకా రావడానికి మూడు మజిలీలు ఉన్నాయి. బయట నుంచి ఇంటి గోడ దాకా వచ్చే ఫైబరు, దాన్ని పుచ్చుకునే బాక్సు, బాక్సు నుంచి ఫోన్ దాకా ఉండే గాలి. మనం ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే మూడూ కలిపి ఒకే నంబరు వస్తుంది, దాంట్లో తప్పు ఎవరిదో తెలీదు. అందుకని మొదటి పని, ఒక ల్యాప్‌టాప్ తెచ్చి బాక్సుకి లాన్ వైరు పెట్టండి, మీ ల్యాప్‌టాప్‌కి ఆ వైరు పెట్టే చోటు లేకపోతే ఎవరిదైనా అడగండి, నా దగ్గర వైరు ఉంది. మిగతావాళ్ళ ఫోన్లూ టీవీలూ వైఫై ఆపేసి ఒక్క వైరు మీదే టెస్ట్ పెట్టండి. వైరు మీద ప్లాన్ అంత వస్తుంటే కంపెనీవాళ్ళని తిట్టాల్సిన పనిలేదు, తేడా మన ఇంట్లోనే ఉంది. వైరు మీద కూడా రాకపోతే అప్పుడు బాక్సు, వైరు, లేదా బయట సంగతి.

ఇక్కడ ఒక చిన్న మాట. చాలామంది డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు 12 చూపిస్తోంది, 100 అని చెప్పి మోసం చేశారు అంటుంటారు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 100 మెగాబిట్లు. ఫైల్ సైజు చూపించేది బైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, కాబట్టి 100ని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. 12 వస్తుంటే మీ లైను సరిగ్గా ఉన్నట్టే.

మూడో ఫ్లోర్‌లో ఒక ఇంట్లో జరిగింది చెప్తాను, వాళ్ళు చెప్పమన్నారు. వాళ్ళది 200 ప్లాను. ఏ టైమ్‌లో టెస్ట్ పెట్టినా 93, 94, అంతకంటే ఒక్క పాయింట్ ఎక్కదు. పొద్దున్నా అంతే, అర్ధరాత్రి అయినా అంతే. ఆ నంబరు వినగానే నాకు అనుమానం వచ్చింది, ఎందుకంటే నెట్ రద్దీ వల్ల స్లో అయితే స్పీడు ఒకసారి 40, ఒకసారి 130 అలా ఊగుతుంది, ఇలా గోడకి కొట్టినట్టు ఒకే చోట ఆగదు. 100 ఎంబీపీఎస్ లింకు మీద చేతికి వచ్చేది సరిగ్గా 94 అలాగే ఉంటుంది. అంటే ఎక్కడో ఒక లింకు 1000 మీద కాకుండా 100 మీద నడుస్తోందన్నమాట. ఫైబర్ బాక్సుకీ వైఫై రౌటర్‌కీ మధ్య ఉన్న లాన్ వైరు తీసి చూశా. ఆ వైరు హాల్లో బీరువా వెనక నుంచి తలుపు ఫ్రేము పక్కగా వస్తుంది, తలుపు కీలు దగ్గర నొక్కుకుపోయి ఉంది. ఆ నొక్కుకుపోయిన చోటు దాకా కోసి చూస్తే లోపల గోధుమరంగు తీగ తెగిపోయింది. లాన్ వైర్లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు ఉంటాయి. 1000 స్పీడుకి నాలుగు జతలూ కావాలి. 100కి నారింజ జత, ఆకుపచ్చ జత, ఆ రెండూ చాలు. నీలం, గోధుమ జతల్లో ఒక్క తీగ తెగినా నెట్ ఆగదు, చాలా బాక్సులు చప్పుడు చెయ్యకుండా 100కి దిగిపోయి నడుపుతుంటాయి, అందుకే ఎవరికీ తెలీదు. కొత్త జాక్ వేసి క్రింపింగ్ చేశాం, పది రూపాయల పని, 190 దాటింది. వాళ్ళు ఏడాదిన్నర నుంచి 200కి డబ్బులు కట్టి 94 వాడుకుంటున్నారండి! మీ ఇంట్లో కూడా నంబరు 94 దగ్గర ఆగిపోతుంటే ముందు వైరు చూడండి, తర్వాత బాక్సు పోర్టు చూడండి, కొన్ని చవక బాక్సుల్లో పోర్టే 100ది ఉంటుంది, అప్పుడు వైరు మార్చినా లాభం లేదు.

ఇంక గాలి సంగతి. మన అపార్ట్‌మెంట్లో ఎక్కువ ఇళ్ళలో తేడా ఇక్కడే.

ఇప్పుడు ఈ మైకు నా చేతిలో ఉంది కాబట్టి నేను మాట్లాడుతున్నా మీరు వింటున్నారు, మీరు అడగాలంటే మైకు మీ చేతికి రావాలి. వైఫై కూడా అచ్చం ఇంతే. ఒక ఛానల్ మీద ఒక టైమ్‌లో ఒక్కరే మాట్లాడాలి. మీ ఇంట్లో పది ఫోన్లు ఉంటే పదీ ఒకే మైకు కోసం ఎదురు చూస్తుంటాయి. ఆ చివర బెడ్రూంలో సిగ్నల్ ఒక్క గీత ఉన్న ఫోన్ ఉందనుకోండి, అది చాలా నెమ్మదిగా మాట్లాడుతుంది, వేరే ఫోన్ ఒక క్షణంలో చెప్పే మాటకి ఇది ఇరవై క్షణాలు తీసుకుంటుంది, అంతసేపూ మైకు దాని దగ్గరే ఉంటుంది. బాక్సు పక్కనే కూర్చున్నవాళ్ళకి కూడా నెట్ స్లో అవ్వడానికి కారణం ఇదే, వాళ్ళ సిగ్నల్ ఫుల్లు ఉన్నా వాళ్ళ వంతు రావట్లేదు. పక్కింటి వాళ్ళ బాక్సు కూడా అదే ఛానల్ మీద ఉంటే వాళ్ళ ఫోన్లు కూడా మీ మైకు కోసం క్యూలో ఉన్నట్టే లెక్క.

2.4 గిగాహెర్ట్జ్ మీద మన దేశంలో 13 ఛానళ్ళు ఉన్నాయి గానీ ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి మూడే మూడు, 1, 6, 11. నలభై ఫ్లాట్లు, మూడు ఛానళ్ళు. కొంతమంది 3, 4, 8 అలా పెడతారు ఖాళీగా ఉందని, దానివల్ల అటు ఇటు రెండు ఛానళ్ళనీ పాడు చేసినట్టవుతుంది, దయచేసి ఆ మూడింట్లోనే పెట్టండి, విడ్త్, అంటే ఛానల్ వెడల్పు, 40 కాదు 20 పెట్టండి. పైగా మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా ఈ 2.4 దగ్గరే, అందుకే అన్నం వేడి చేసినప్పుడల్లా వంటింటి పక్క గదిలో వీడియో ఆగుతుంది.

5 గిగాహెర్ట్జ్ మీదకి రండి. ఛానళ్ళు ఎక్కువ, స్పీడు ఎక్కువ. గోడలు దాటడంలో మాత్రం బలహీనం, కానీ ఫ్లాట్లలో అదే మనకి మేలు, పక్కింటిది మనింట్లోకి అంతగా రాదు. చాలా బాక్సుల్లో రెండిటికీ ఒకే పేరు ఉంటుంది, ఫోన్ 2.4 పట్టుకుని వదలదు, హాల్లో కూర్చున్నా దాని మీదే ఉంటుంది. అలాంటప్పుడు రెండిటికీ వేరే పేర్లు పెట్టి టీవీనీ ల్యాప్‌టాప్‌నీ 5 మీద కలపండి.

బాక్సు ఎక్కడ పెట్టారన్నది అన్నిటికంటే ముఖ్యం, అయినా దీన్ని ఎవరూ పట్టించుకోరు. నెట్ అబ్బాయి ఫైబర్ ఎక్కడి నుంచి లోపలికి వస్తే అక్కడే మేకు కొట్టి పెట్టేస్తాడు, అంటే గుమ్మం పైన, లేదా చెప్పుల స్టాండ్ పక్కన, లేదా టీవీ యూనిట్ వెనక. మనం కనపడకూడదని దాని ముందు ఫోటో ఫ్రేము పెడతాం. ఇనుప బీరువా, పెద్ద అద్దం, చేపల తొట్టె, కాంక్రీటు పిల్లరు, ఇవి నాలుగూ సిగ్నల్‌కి గండాలే. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తులో, బయటికి కనపడేలా ఉండాలి. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ వేసి ఇల్లంతా తిరగండి, సిగ్నల్ బలం మైనస్ నంబర్లలో చూపిస్తుంది, మైనస్ 50 అంటే చాలా బాగున్నట్టు, మైనస్ 67 దాకా వీడియో కాల్ బానే నడుస్తుంది, మైనస్ 80కి వెళ్తే అక్కడ కూర్చుని నెట్‌ని తిట్టుకోకండి. సుబ్బరంగా కనపడాలా, పిల్లల క్లాసు ఆగకుండా ఉండాలా అని అడిగితే నేను మాత్రం బాక్సుని హాలు మధ్యకే తెస్తాను.

దూరం గదికి ఎక్స్‌టెండర్ కొంటారు కదా, వాటిలో చాలావరకు విన్నమాటే మళ్ళీ అదే మైకులో చెప్తాయి, కాబట్టి స్పీడు సగానికి సగం పడిపోతుంది. ఆ డబ్బుతో ఒక లాన్ వైరు లాగించి ఆ గదిలో రెండో రౌటర్ పెట్టుకోండి.

ఆ, చెప్పండి ఆంటీ.

(ముందు వరసలో నుంచి ఒకావిడ: మా రౌటర్ పాతది బాబూ, బాగానే ఉంది, కానీ ఎంత దగ్గర కూర్చున్నా ఇరవై దాటదు.)

ఎప్పటిదాంటీ? పన్నెండు పదమూడేళ్ళా. అయితే దాని సెట్టింగుల్లో సెక్యూరిటీ అని ఉంటుంది, అక్కడ టీకేఐపీ అని గానీ డబ్ల్యూఈపీ అని గానీ ఉందేమో చూడాలి. పాత ప్రింటరో పాత ఫోనో కలపడానికి అప్పట్లో అలా పెట్టేవాళ్ళు. ఆ పాత తాళం వేసి ఉంచితే రూలు ప్రకారం వైఫై 54 దాటి పోకూడదు, చేతికి వచ్చేది ఇరవై చిల్లరే. డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని పెడితే ఆ కట్టు విడిపోతుంది, సేఫ్టీ కూడా. నేను వచ్చి చూస్తాను.

ఇప్పుడు మా అత్తగారి ఫోన్ దగ్గరికి వద్దాం.

ఆవిడ అప్‌లోడ్ చేస్తుంటే మా ఆవిడ కాల్ ఎందుకు ఆగాలి? కాల్‌కి కావాల్సింది మహా అయితే మూడు నాలుగు ఎంబీపీఎస్. ఇక్కడ అసలు దోషం బాక్సులో ఉన్న క్యూది. రైల్వే రిజర్వేషన్ కౌంటర్ గుర్తు తెచ్చుకోండి, మీ ముందున్నాయన ఒక్కడే, కానీ ఆయన చేతిలో ముప్పై ఫారాలు ఉన్నాయి. మీది ఒక్క ఫారం. ఆ ముప్పై అయ్యేదాకా మీరు నిలబడాల్సిందే. వీడియో బ్యాకప్ ముప్పై ఫారాల మనిషి. కాల్ ఒక్క ఫారం మనిషి. బాక్సు తయారుచేసేవాళ్ళు ఏ ముక్కా పోకూడదని లోపల పెద్ద క్యూ పెడతారు. ఒక్క మెగాబైటు క్యూ ఉందనుకోండి, అంటే 8 మెగాబిట్లు, అది 10 ఎంబీపీఎస్ మీద ఖాళీ అవ్వడానికి 0.8 సెకన్లు, అంటే 800 మిల్లీసెకన్లు. నేను పింగులో చూసిన నంబరు అదే కదండి. ఆ లెక్క కుదిరినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. డౌన్‌లోడ్ కూడా అందుకే స్లో అవుతుంది, ఎందుకంటే అవతలి నుంచి ముక్క వచ్చినప్పుడు మనం అందింది అని జవాబు పంపాలి, ఆ జవాబు కూడా అదే క్యూలో వెనక నిలబడుతుంది, జవాబు రాకపోతే అవతలివాడు పంపడం తగ్గిస్తాడు. స్పీడ్ టెస్ట్‌లో మనం చూసే పెద్ద నంబరులో ఇది బయటపడదు, అది ఎంత వెడల్పు అని చెప్తుంది గానీ ఎంతసేపు నిలబడ్డారు అని చెప్పదు.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. జిమ్ గెటిస్ అని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఇంజనీరు, 2010లో ఆయన కూడా తన ఇంట్లో నెట్ ఎందుకు ఇలా అయిపోతోందని తవ్వుకుంటూ పోయి దీన్ని బయటపెట్టాడు. తర్వాత 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ అని ఒక పద్ధతి చెప్పారు, ముక్క క్యూలో ఎంతసేపు నిలబడిందో చూసి ఎక్కువైతే పంపేవాడిని తగ్గించమని చెప్పడం. దానికి ఒక్కొక్కరికీ వేరే క్యూ పెట్టి వంతులవారీగా పంపడం కలిపితే ఎఫ్‌క్యూ కోడెల్, 2018లో ఆర్ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. ముప్పై ఫారాల ఆయన దగ్గర ఒకటి తీసుకుని, మీది ఒకటి తీసుకుని, మళ్ళీ ఆయనది ఒకటి.

రౌటర్ సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం అని గానీ స్మార్ట్ క్యూ అని గానీ ఉందేమో చూడండి, ఇలా వంతులవారీగా పంపే సెట్టింగు అదే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన రౌటర్లలో ఎస్‌క్యూఎం పెట్టుకోవచ్చు. అప్‌లోడ్ 10 ఉంటే అక్కడ 9 అని పెట్టాలి, కొంచెం తక్కువ పెడితేనే క్యూ కంపెనీ బాక్సులో కాకుండా మన రౌటర్లో కడుతుంది, అప్పుడే వంతులు మన చేతిలో ఉంటాయి. మా ఇంట్లో 9 పెట్టాక అత్తగారి వీడియోలు వెళ్తున్నప్పుడే పింగ్ చూశా, 24, 26. అంతే! ఆ రాత్రి కాల్ గంటా పది నిమిషాలు నడిచింది.

అత్తగారి ఫోన్‌లో బ్యాకప్ ఆపేస్తే సరిపోయేది కదా అని మీకు అనిపించొచ్చు. మేమూ మొదట అదే అనుకున్నాం. కానీ ఆవిడ పాత ఫోను నీళ్ళ బకెట్లో పడి పాడైనప్పుడు మా మామగారి ఆఖరి ఏడాది ఫోటోలన్నీ దాంతోనే పోయాయి. మావాళ్ళు ఆవిడకి బ్యాకప్ పెట్టింది ఆ తర్వాతే. ఆవిడకి బ్యాకప్ అంటే ఏంటో తెలీదు, అమ్మాయి ఏదో పెట్టింది, ఇంక ఫోటోలు పోవు అని మాత్రం తెలుసు. అది ఎలా ఆపుతామండి? నెట్ స్లో అవ్వగానే ఇంట్లో ఎవరో ఒకళ్ళని పట్టుకుని నీవల్లే అంటాం, పిల్లాడి గేమ్ అంటాం, పెద్దవాళ్ళ సీరియల్ అంటాం. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళే 4కే వీడియోకి 15 ఎంబీపీఎస్ చాలంటారు, మరి 100 లైను మీద ఒక సీరియల్ ఎవరి కాల్‌ని ఆపుతుంది? మా తమ్ముడి మీద వారం పాటు అరిచినందుకు ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది.

రౌటర్లో ఆ సదుపాయం లేనివాళ్ళు ఒకటి చేయొచ్చు, పెద్ద అప్‌లోడ్లు ఏమున్నాయో రాసుకోండి, ఫోటోల బ్యాకప్, సీసీ కెమెరాల క్లౌడ్, ఆఫీసు ఫైళ్ళ సింకు, వాటిని కాల్స్ లేని టైమ్‌కి మార్చుకోండి. కెమెరాలని మర్చిపోకండి, వాటిలో కొన్ని పగలూ రాత్రీ పంపుతూనే ఉంటాయి.

(వెనక నుంచి ఒకాయన: మాకు రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకే స్లో, మిగతా టైమ్ బానే ఉంటుంది.)

వైరు పెట్టి చూశారా సార్? చూస్తే ఎంత? 30. పొద్దున ఆరింటికి? 140. అయితే మీది బయట సంగతే. మనకి వచ్చే ఫైబర్ ఎక్కువగా జీపాన్ అనే పద్ధతిలో ఉంటుంది, ఒక ఫైబరు మీద దిగేటప్పుడు సుమారు 2.5 గిగాబిట్లు, ఎక్కేటప్పుడు 1.25, దాన్ని చీల్చి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో ఇస్తారు. అది గాక ఆ ఏరియా మొత్తానికి కంపెనీ కొన్న బయటి లైను చాలకపోవచ్చు. మీరు చేయాల్సింది, మూడు రోజులు పొద్దున ఆరింటికీ రాత్రి తొమ్మిదిన్నరకీ వైరు మీద టెస్ట్ పెట్టి స్క్రీన్‌షాట్లు తీయండి, కంప్లైంట్ నంబర్ తీసుకోండి, తీరకపోతే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ అని, అంటే పై అప్పీలు వినేవాళ్ళు ఉంటారు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూలు అది, అక్కడ పెట్టండి. స్లోగా ఉంది అంటే పట్టించుకోరు, ఫలానా టైమ్‌కి వైరు మీద 30 అంటే వాళ్ళు సమాధానం చెప్పాలి. నెలాఖరులోనే స్లో అయ్యేవాళ్ళు మాత్రం డేటా లిమిట్ చూసుకోండి, అన్‌లిమిటెడ్ అన్నా చాలా ప్లాన్లలో 3300 జీబీ దగ్గర గీత ఉంటుంది.

డీఎన్ఎస్, అంటే సైటు పేరుకి నంబరు వెతికిపెట్టేది, అది మార్చమంటారు కదా అని ఎవరో అడుగుతున్నారు. పేజీ తెరుచుకోవడం మొదట్లో ఆలస్యమై తర్వాత బాగా వస్తుంటే 1.1.1.1 పెట్టి చూడండి, కానీ దానివల్ల స్పీడు పెరగదు. పక్కవాళ్ళు మన వైఫై వాడుతున్నారేమో అన్న అనుమానం ఉంటే బాక్సులోకి వెళ్ళి కలిసున్న ఫోన్ల లిస్టు చూడండి, పాస్‌వర్డ్ మార్చండి, బాక్సు లోపలికి వెళ్ళే పాస్‌వర్డ్ కూడా మార్చండి, చాలా ఇళ్ళలో అది ఇంకా స్టిక్కర్ మీద ఉన్నదే.

టైమ్ పదకొండు దాటింది, టిఫిన్లు వచ్చినట్టున్నాయి. ల్యాప్‌టాప్, మూడు మీటర్ల లాన్ వైరు, క్రింపింగ్ టూలు తెచ్చుకున్నా. ముందు ఆంటీ వాళ్ళ ఇంటికి వెళ్దాం, తర్వాత సార్ వాళ్ళది చూద్దాం. బీరువా జరపాల్సి వస్తే ఇద్దరు కుర్రాళ్ళు కావాలి, ఎవరొస్తారు?